సవరణ: పాత ఫోన్‌ను అప్పుడే రీసెట్ చేయకండి

కొత్త ఫోన్ సెటప్ గురించి ఇంతకు ముందు రాసినదాంట్లో "డేటా కాపీ అయ్యాక పాత ఫోన్ రీసెట్ చేసేయండి" అని ఉంది. ఆ వాక్యాన్ని ఇలా మార్చి చదువుకోండి: కాపీ అయ్యాక కూడా కొన్నాళ్ళు పాత ఫోన్‌ను అలాగే ఉంచండి.

కాపీలో ఫోటోలు, కాంటాక్టులు వస్తాయి. బ్యాంకు యాప్‌లు మాత్రం పేరుకే వస్తాయి, లోపల మళ్ళీ మొదటి నుంచి రిజిస్టర్ చేసుకోవాలి. అసలు టెన్షన్ ఓటీపీ కోడ్‌లు ఇచ్చే అథెంటికేటర్ యాప్‌తో. అందులో సింక్ (కోడ్‌లను మీ ఖాతాలో దాచే సదుపాయం) ఆన్ చేసి లేకపోతే, పాత ఫోన్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కి, వచ్చిన క్యూఆర్ కోడ్‌ను కొత్తదాంతో స్కాన్ చేయాలి. పాతది చెరిపేశాక ఆ దారి మూసుకుపోతుంది. ఈసిమ్ (ఫోన్ లోపలే ఉండే డిజిటల్ సిమ్) కూడా అంతే, ముందు కొత్త ఫోన్‌లో పనిచేస్తోందో లేదో చూసుకోండి.

ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు మారేవాళ్ళకు ఒక మాట. ఆపిల్ ఇచ్చే "మూవ్ టు ఐఓఎస్" యాప్‌తో వాట్సాప్ చాట్లు తెచ్చుకోవాలంటే అది కొత్త ఐఫోన్ మొదటి సెటప్‌లోనే జరగాలి. తొందరపడి హోమ్ స్క్రీన్ దాకా వెళ్ళిపోతే, ఐఫోన్‌ను మళ్ళీ రీసెట్ చేయక తప్పదు.

రీసెట్ ఎప్పుడు చేసినా సెట్టింగ్స్‌లోంచే చేయండి. బటన్లు నొక్కి రికవరీ మెనూలోంచి చేస్తే, దొంగతనం అనుకుని ఆండ్రాయిడ్ పాత గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది. ఐఫోన్‌లో 2013లో ఐఓఎస్ 7తో వచ్చిన యాక్టివేషన్ లాక్ కూడా ఇలాంటిదే. అది తొలగాలంటే, ఫోన్ వేరేవాళ్ళకు ఇచ్చేముందు "ఫైండ్ మై" (పోయిన ఫోన్‌ను వెతికే సదుపాయం) ఆఫ్ చేయాలి.