తోలు ప్యాడ్లు వేశామంటే సరిపోతుందా?

క్లారినెట్‌లో కీల అడుగున ఉండి రంధ్రాలను గాలి కారకుండా మూసే మెత్తటి బిళ్లలే ప్యాడ్లు. ఆ వాయిద్యం రిపేరు చేయించుకుని వచ్చినవారు ఎంతో ధీమాగా చెప్పే మాట ఒకటుంది: "ఈసారి అన్నీ తోలు ప్యాడ్లే వేయించాను." ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కోపం వారి మీద కాదు, తోలు అనే ఒక్క మాటతో నమ్మించి పంపినవారి మీద. ఎంత మందం ప్యాడ్ వేశారు, ఏ రంధ్రం మీద వేశారు, ఆ రంధ్రం అంచు ఎలా ఉంది అని అడిగి చూడండి. జవాబు రాదు. వేసినవారు చెప్పలేదు, వేయించుకున్నవారికి అడగాలని తెలియదు.

మొన్న ఒక అమ్మాయి తన క్లారినెట్ నా దగ్గరికి తెచ్చింది. చెక్కది, మామూలు 17 కీల వాయిద్యం. పై స్వరాలు పలుకుతున్నాయి. కిందికి దిగేకొద్దీ గొంతు బొంగురుపోతోంది. అట్టడుగు స్వరం అసలు పలకడం లేదు. ఎనిమిది నెలలుగా ఇదే తంతు. నేర్పేవారు పెదవుల పట్టు చాలదన్నారు, ఊపిరి చాలదన్నారు, చివరికి వేలు ఇంకా గట్టిగా నొక్కమన్నారు. ఆ పిల్ల కుడిచేతి చిటికెన వేలు చూశాను. కీ అంచు దిగి వేలి కొసన ఎర్రగా గాడి పడి ఉంది.

కింది భాగాన్ని విడదీసి, మూడు రంధ్రాలు వేళ్లతో మూసి, చిటికెన వేలి కీ నొక్కి, కింది చివరను ఎడమ అరచేత్తో మూసి పైనుంచి గాలి పీల్చాను. ఎక్కడా సందు లేకపోతే పెదవి గొట్టానికి అతుక్కుని కొన్ని క్షణాలు అలాగే నిలవాలి. ఒక్క క్షణం కూడా నిలవలేదు. సన్నటి సిగరెట్ కాగితాన్ని పేలికలా కోసి ప్యాడ్ కింద పెట్టి, కీ మెల్లగా మూసి లాగి చూశాను. ఇరుసు వైపు కాగితం బిగుసుకుపోయింది. ముందు వైపు పెడితే బల్ల మీది కాగితంలా జారి చేతిలోకి వచ్చేసింది.

ప్యాడ్ తోలుదే. కొత్తదే. చూడటానికి ముచ్చటగా కూడా ఉంది. లోపమల్లా మందం ఎక్కువ కావడం. కీ ఇరుసు మీద తిరుగుతుంది, గడప మీదికి తలుపు మూసుకున్నట్టు రంధ్రం మీదికి వాలుతుంది. ప్యాడ్ మందంగా ఉంటే ఇరుసు వైపు ముందుగా తగులుతుంది, ఎదుటి వైపు సందు మిగిలిపోతుంది. పలచగా ఉంటే ముందు అంచు తగిలి వెనుక సందు వస్తుంది. సరైన మందంలోనే చుట్టూ ఒకేసారి ఆనుతుంది. అది తోలైనా, పేగు పొరైనా, ఇంకేదైనా ఈ లెక్క మారదు. క్లారినెట్ ప్యాడ్ సుమారు 3 మిల్లీమీటర్ల వస్తువు. అందులో పావు మిల్లీమీటరు తేడా అంటే చిన్నది కాదు.

ఈ వాయిద్యంలో ఇంకో చిక్కు కూడా ఉంది. అడుగున ఉండే రెండు పెద్ద ప్యాడ్లు జంటగా మూసుకోవాలి. కాకి కాలులా చీలిన చిన్న లోహపు ముక్క ఒకే వేలి ఒత్తిడిని రెండింటికీ పంచుతుంది. ఒక ప్యాడ్ మందంగా, రెండోది మామూలుగా ఉంటే మందంగా ఉన్నది ముందే ఆగిపోతుంది, రెండోది గాల్లో నిలబడుతుంది. వేలు ఎంత నొక్కినా లోహం కాస్త వంగుతుందే తప్ప రంధ్రం మూసుకోదు. ఆ పిల్ల వేలి మీది గాడి అలా వచ్చిందే. పరికరంలోని తప్పును పసి చేతితో సరిదిద్దమన్నారు. ఎనిమిది నెలలు!

తోలు మీద నాకు పగ లేదు. నిజానికి ఈనాటి క్లారినెట్‌కు మెత్తటి ప్యాడే ప్రాణం పోసింది. అంతకుముందు చదునైన తోలు ముక్కతోనే రంధ్రాలు మూసేవారు. గాలి కారుతుందన్న భయంతో కీలు పెంచడానికి జంకేవారు. క్లారినెట్ వాదకుడు ఇవాన్ ముల్లర్ ఉన్ని కూరి, తోలుతోనో పేగు పొరతోనో కప్పిన గుండ్రటి ప్యాడ్లు వాడాక 13 కీల వాయిద్యం సాధ్యమైంది. 1812లో పారిస్ కన్సర్వేటరీ (సంగీత కళాశాల) సంఘం దాన్ని కాదంది. అయినా వాయిద్యం నిలబడింది. నిలబెట్టింది ఆ ప్యాడ్లు గాలిని ఆపిన తీరే.

ఇప్పుడు చాలా క్లారినెట్లలో కనిపించేది పొర ప్యాడ్: అట్ట మీద ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని గుడ్డ), దాని మీద రెండు వరుసల సన్నటి పేగు పొర. చేప పొర అంటారు కానీ అది పశువు పేగు నుంచి తీసిందే. చురుగ్గా మూసుకుంటుంది, వేలికి స్పష్టంగా తెలుస్తుంది. కాకపోతే పొర ఎండి అంచున చిట్లుతుంది, ఆ చిట్లిన ముక్క స్వరంలో జుమ్మంటూ తోడు పాడుతుంది. తోలుకు ఆ బాధ లేదు. ఎక్కువ కాలం మన్నుతుంది, చప్పుడు తక్కువ, రంధ్రం అంచులో చిన్న చిన్న లోపాలను ఓర్చుకుంటుంది. ఆ ఓర్పు కోసమే పెద్ద రంధ్రాల మీద తోలును నేనూ ఇష్టపడతాను. బాస్ క్లారినెట్‌లోనైతే మరో మాట లేకుండా తోలే.

కానీ తోలు తడిని తాగుతుంది. తాగి, ఎండి, గట్టిపడుతుంది. తీపి పానీయం తాగి నోరు కడగకుండా ఊదితే అంటుకుని, కీ లేచేటప్పుడు చప్ మంటుంది. అన్నిటికంటే ముఖ్యం, నాసిరకం తోలులోంచి గాలి నేరుగా పోతుంది! ఇది చాలామందికి తెలియదు. అంచు నున్నగా ఉన్న చిన్న గొట్టం ఒకటి తీసుకుని, ఒక చివర ప్యాడ్ ముఖాన్ని చదునుగా ఆనించి, రెండో చివర నుంచి గాలి పీల్చండి. మంచి మేకపిల్ల తోలు గాలిని ఆపేస్తుంది. నాసిరకానిది ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా గాలి వదులుతుంది. అలాంటి ప్యాడ్‌ను బ్రహ్మదేవుడు కూర్చోబెట్టినా గాలి కారుతూనే ఉంటుంది. పెట్టేముందు ఒక్కొక్కటిగా ఈ పరీక్ష చేయడానికి పది నిమిషాలు పట్టదు. ఎందుకు చేయరు?

ముఖం మీద ముడతలు ఉన్న ప్యాడ్‌ను కూడా పక్కన పెట్టేయాలి. రంధ్రం అంచును దాటే ఒక్క ముడత చాలు, గాలికి దారి దొరికినట్టే. కొలతకు వస్తే, ప్యాడ్లు అర మిల్లీమీటరు తేడాతో దొరుకుతాయి. ప్యాడ్ కూర్చునే లోహపు కప్పు లోపలి వ్యాసాన్ని వెర్నియర్ కొలబద్దతో కొలిచి తీసుకోవాలి. మోడల్ పేరు చెప్పి కట్టగా కొనేయడం నాకు నచ్చదు. మీ చేతిలో ఉన్న వాయిద్యం కప్పులే మీకు ప్రమాణం. బిగుతుగా ఇరికిస్తే ప్యాడ్ నడుమ ఉబ్బుతుంది, వదులైతే అతికించేటప్పుడు పక్కకు జరుగుతుంది.

పై భాగంలో ఉండే చిన్న రంధ్రాల సంగతి వేరు. స్థాయి మార్చే కీ రంధ్రం ఉంది చూడండి, బొటనవేలిది, అక్కడ తోలు ఎందుకు పెడతారో నాకు అర్థం కాదు. ఊపిరిలోని తడి ఎక్కువగా చేరేది పై భాగంలోనే. అక్కడ కార్క్ పెట్టాలి. నీటిని పీల్చుకోదు, ఉబ్బదు, స్పష్టంగా మూసుకుంటుంది. ఒక్కటే షరతు, రంధ్రం అంచు అద్దంలా చదునుగా ఉండాలి. తోలులా కార్క్ దేన్నీ క్షమించదు. సింథటిక్ ప్యాడ్లూ ఉన్నాయి, తడిని తట్టుకుంటాయి, సరిగ్గా కూర్చోబెడితే బాగానే పనిచేస్తాయి. వాటి మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు.

రంధ్రం అంచు గురించి ఎవరూ మాట్లాడరు. ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ ఎంత గట్టి చెక్కయినా అంచు దగ్గర సన్నగా పెచ్చు లేస్తుంది. భూతద్దం పెడితేనే కనిపిస్తుంది. ఆ పెచ్చును పూడ్చకుండా ప్యాడ్ల మీద ప్యాడ్లు మార్చినవారిని చూశాను. మెత్తటి తోలు దాన్ని కొన్నాళ్లు కప్పిపెడుతుంది, తోలు గట్టిపడగానే గాలి మళ్లీ కారుతుంది. అప్పుడు "ప్యాడ్ పాడైంది" అంటారు. పాడైంది ప్యాడ్ కాదు కదా!

ఇంకో అలవాటు నన్ను నిజంగా బాధపెడుతుంది. ప్యాడ్ అతికించాక కీని రాత్రంతా గట్టిగా బిగించి కట్టేస్తారు. పొద్దుటికి తోలు మీద లోతైన గాడి పడుతుంది. "చూశారా, ఎంత బాగా కూర్చుందో" అని చూపిస్తారు. అది కూర్చోవడం కాదు, కుక్కడం. ఇరుసు కాస్త అరిగి కీ పక్కకు ఊగిందంటే ఆ గాడి రంధ్రం అంచుకు కలవదు, పాత గాడే కొత్త సందు అవుతుంది. సరైన మందం ప్యాడ్‌ను కప్పు నిండా పరిచిన లక్క మీద ఉంచి, లక్క మెత్తగా ఉన్నప్పుడే తిన్నగా సర్దితే తేలికపాటి వలయం చాలు. లక్కను నడుమ ఒక బొట్టు పెట్టి వదిలేస్తే అంచులకు ఆధారమే ఉండదు. ప్లాస్టిక్ క్లారినెట్ అయితే మంట దగ్గర మరీ జాగ్రత్త, ఆ ఒళ్లు వేడికి తట్టుకోదు.

పొర తీసి మందపాటి తోలు వేసినప్పుడు కీ తెరుచుకునే ఎత్తు కూడా తగ్గుతుంది. స్వరం మసకబారుతుంది, శ్రుతి కొద్దిగా దిగుతుంది. వాయించేవారు పాపం రీడ్లు (ఊదే చోట కంపించే రెల్లు పలకలు) మార్చుకుంటూ కూర్చుంటారు. ఎత్తు మళ్లీ కొలిచి, కీ వాయిద్యానికి ఆనే కొస కింది కార్క్‌ను పలచన చేయడం రిపేరు చేసినవారి పని. కారే గాలిని దాచడానికి స్ప్రింగ్ బిగించడం మాత్రం రిపేరు కాదు, మోసం. ఈ మాట నేను తగ్గించి చెప్పను.

ఆ అమ్మాయి క్లారినెట్‌లో అడుగున ఉన్న రెండు ప్యాడ్లూ తీసేశాను. ఒకే మందం ఉన్న రెండు తోలు ప్యాడ్లను గొట్టంతో పరీక్షించి పెట్టాను. అవును, తోలువే. కాగితం నాలుగు వైపులా ఒకేలా పట్టేదాకా సర్దడానికి గంటన్నర పట్టింది. వాయించమన్నాను. పాత అలవాటు కొద్దీ చిటికెన వేలు బిగించింది. వద్దు, ఊరికే ఆనించు చాలన్నాను. ఆనించింది. అట్టడుగు స్వరం నిండుగా వచ్చింది. నమ్మకం కలగక ఆపి, మళ్లీ ఊదింది. మూడోసారి ఊదినప్పుడు ఊపిరి అయిపోయేదాకా ఆపలేదు.

తీసిన ప్యాడ్లు రెండింటినీ కాగితంలో చుట్టి, మందాలు పైన రాసి ఆ అమ్మాయికే ఇచ్చాను. నేర్పేవారికి చూపించమన్నాను.