ఎన్నికైపోయింది, ఇంకా ఏడుపెందుకు అంటారా?

2024 నవంబరు 6న అమెరికాలో ఫలితం తేలిన గంటకే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డు పడింది. 2025 నవంబరులో ఏడాది నిండగానే అదే మళ్ళీ వచ్చింది, ఈసారి నాలుగు గ్రూపుల్లో. ఎవరు రాశారో ఎవరికీ తెలీదు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: ఇప్పటి పిల్లలకి ఓటమి తట్టుకోవడం రాదు, తమ అభ్యర్థి ఓడితే ఇంట్లో చావైనట్టు ఏడుస్తున్నారు. దేశమంతా ట్రంప్ వైపే నిలిచింది. చట్టప్రకారం వెళ్ళిన మనవాళ్ళకి వచ్చే నష్టమేమీ లేదు. పైగా తెలుగింటి అల్లుడు వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు, సంబరపడక ఈ శోకాలేంటి? ఓటు కోసం చుట్టరికాలు చెడగొట్టుకోకండి.

ఆ ఏడ్చిన పిల్లల్లో నేనూ ఒకదాన్ని. కాబట్టి జవాబు నేనే చెప్తాను.

ముందు నా సంగతి. నాన్న హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద న్యూజెర్సీలో పనిచేస్తున్నప్పుడు, 2003లో నేను ఎడిసన్‌లో పుట్టాను. నాకు నాలుగేళ్ళు నిండేసరికి అందరం విజయవాడ వచ్చేశాం. ఇంటర్ దాకా అక్కడే చదివాను. తర్వాత అమెరికాలో పుట్టినందుకొచ్చిన నీలం పాస్‌పోర్టు పట్టుకుని పిట్స్‌బర్గ్‌లో డిగ్రీలో చేరాను. ఆఖరి ఏడాదిలో, 21 ఏళ్ళ వయసులో, ప్రెసిడెంట్ ఎన్నికల్లో మొదటిసారి ఓటేశాను. కమలా హారిస్‌కి.

ఫలితాల రాత్రికి దీపావళి వెళ్ళి ఐదు రోజులే. కిటికీ గట్టు మీద మసిబారిన ప్రమిదలు ఇంకా తీయలేదు. మా ఫ్లాట్‌లో నలుగురం తెలుగమ్మాయిలం ఉంటాం. నలుగురిలో ఓటున్నది నా ఒక్కదానికే. మిగతా ముగ్గురూ వీసాల మీద ఉన్నారు, నాకంటే వాళ్ళకే టెన్షన్ ఎక్కువ. రెండు దాటాక మా రాష్ట్రం పెన్సిల్వేనియా ట్రంప్‌దేనని అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ప్రకటించింది. హెచ్‌1బీ మీద ఉద్యోగం చేసే హనుమకొండ అక్క ఒక్క మాట కూడా అనకుండా లేచి వెళ్ళి గిన్నెలు కడగడం మొదలెట్టింది. కడిగినవే మళ్ళీ కడుగుతోంది. నా చొక్కాకి 'ఓటేశాను' అన్న స్టిక్కరు ఇంకా అలాగే ఉంది. నాకు ఏడుపొచ్చింది అప్పుడే. టీవీలో మ్యాపు ట్రంప్ పార్టీ రంగుతో ఎర్రబడినప్పుడు కూడా రాలేదు.

అమ్మ ఫోన్ చేసింది. అక్కడ మధ్యాహ్నం భోజనాల వేళ. "గొంతు అలా ఉందేంటే, ఏడ్చావా?" అంది. లేదన్నాను. సరిగ్గా అప్పుడే బాబాయి పంపిన ఫార్వర్డు వచ్చింది.

ఇక ఒక్కో మాటా చూద్దాం.

ఇప్పటి పిల్లలకి ఓటమి తట్టుకోవడం రాదట. మరి పెద్దవాళ్ళు తట్టుకున్న తీరేమిటో! ఎన్నికల మీద పొలాలు పందెం కాసి పోగొట్టుకున్నవాళ్ళ కథలు వినని ఇల్లు గోదావరి జిల్లాల్లో ఉందా? 2024లోనే పిఠాపురంలో పవన్ కల్యాణ్‌ని ఓడించకపోతే పేరు మార్చుకుంటానని ముద్రగడ పద్మనాభం సవాలు చేశారు, పవన్ గెలిచాక నిజంగానే పద్మనాభరెడ్డి అయ్యారు. (మాట నిలబెట్టుకున్నారు, అది మెచ్చుకోవాల్సిందే.) అమెరికా సంగతికొస్తే, 2020లో ఓడిన పక్షంవాళ్ళు 2021 జనవరి 6న అక్కడి పార్లమెంటైన కాపిటల్ భవనం అద్దాలు పగలగొట్టి లోపలికి చొరబడ్డారు. ఆ వీడియోల్లో నెరిసిన గడ్డాలు బోలెడు కనబడతాయి. 2024లో ఓడిన హారిస్ మర్నాడే హోవర్డ్ యూనివర్సిటీలో ఓటమి ఒప్పుకున్నారు. 2025 జనవరి 6న వైస్ ప్రెసిడెంట్ హోదాలో సభలో కూర్చుని తన ఓటమి లెక్కని తనే చదివారు. ఆమెకి ఓటేసిన నేను రాత్రి ఏడ్చి, పొద్దున తొమ్మిదింటి క్లాసుకి వెళ్ళాను. ఓటమి తట్టుకోవడమంటే ఇంకేం చెయ్యాలి? ఏడవకూడదని ఏ రాజ్యాంగంలో రాసుంది?

దేశమంతా ఒకవైపు నిలిచిందన్నది లెక్క తప్పు. ట్రంప్‌కి దాదాపు 7 కోట్ల 73 లక్షల ఓట్లు, హారిస్‌కి 7 కోట్ల 50 లక్షలు వచ్చాయి. శాతాల్లో 49.8, 48.3. గెలిచినాయనకి కూడా సగం దాటలేదు. ప్రెసిడెంట్‌ని తేల్చేవి రాష్ట్రాలవారీగా ఉండే ఎలక్టోరల్ ఓట్లు, అవి 312, 226 కాబట్టి మ్యాపులో ఊచకోతలా కనబడుతుంది. మా పెన్సిల్వేనియాలో దాదాపు 70 లక్షల మంది ఓటేస్తే తేడా లక్షా 20 వేలు, దాంతో రాష్ట్రానికున్న 19 ఎలక్టోరల్ ఓట్లూ ఒక పక్షానికే పోయాయి. 2016లో హిల్లరీ క్లింటన్‌కి 28 లక్షల ఓట్లు ఎక్కువొచ్చినా ఓడిపోయారు. 2024లో ట్రంప్ న్యాయంగానే గెలిచారు, అందులో నాకు పేచీ లేదు. పేచీ ఆ 'అంతా' అన్న మాటతోనే. ఏడున్నర కోట్ల మందిని ఒక ఫార్వర్డుతో మాయం చేసేస్తే ఎలా?

తెలుగింటి అల్లుడి విషయం తొందరగా తేల్చేస్తాను. ఆ అల్లుడు జె.డి. వాన్స్, ఆయన భార్య ఉషా వాన్స్ పూర్వీకుల ఊరు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు. అక్కడ పూజలు చేశారు. హారిస్ తాతగారి ఊరు తమిళనాడులో తులసేంద్రపురం. అక్కడా పూజలు చేశారు. ఫలితం రోజు మా అమ్మమ్మ కూడా "మనమ్మాయేనటగా" అని మురిసిపోయింది, ఆవిడ ముచ్చట నేనెందుకు చెడగొట్టాలి? కానీ చుట్టరికం చూసి ఓటెయ్యాలంటే పెళ్ళి శుభలేఖలు పంచినట్టే ఉంటుంది. మా అపార్ట్‌మెంట్‌లో వీసా రెన్యువల్ కాగితాలు పెట్టుకుని కూర్చున్నవాళ్ళకి వడ్లూరు ఏం చేసిపెడుతుంది?

అసలు కోపం వచ్చేది తర్వాతి మాటకి. చట్టప్రకారం ఉన్నవాళ్ళకి నష్టమేమీ లేదట.

2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఓలేతలో ఒక బార్‌లో ఒక తెలుగు ఇంజనీరుని కాల్చి చంపారు. పక్కనే ఉన్న స్నేహితుడు గాయాలతో బతికాడు. కాల్చినవాడు అంతకుముందు తమని ఏ వీసా మీద ఉన్నారు, దొంగతనంగా ఉన్నారా అని అడిగాడని ఆ స్నేహితుడే చెప్పాడు. వాళ్ళ వీసాలు సక్రమమైనవే. ఆ హత్యని ఏ ఎన్నికకీ అంటగట్టను. కాగితం సరిగ్గా ఉంటే చాలన్న ధీమా ఎంతవరకు పనికొస్తుందో చెబుతున్నానంతే.

2025 జనవరి 20న, ప్రమాణం చేసిన రోజే, ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే, అమెరికాలో పుట్టినా బిడ్డకి పౌరసత్వం రాదని అందులో ఉంది. 30 రోజుల తర్వాత పుట్టబోయేవాళ్ళకే అది వర్తిస్తుందన్నారు. మూడు రోజుల్లోనే సియాటెల్‌లో ఒక ఫెడరల్ జడ్జి ఇది పచ్చిగా రాజ్యాంగ విరుద్ధమని ఆపేశారు. కానీ నేను ఆ ఉత్తర్వు చదివింది నా బర్త్ సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని. నేను పుట్టినప్పుడు నాన్నది హెచ్‌1బీ, అమ్మది డిపెండెంట్ వీసా. ఆ రూలు 2003లో ఉండుంటే నా నీలం పాస్‌పోర్టూ లేదు, నా ఓటూ లేదు. నా పౌరసత్వానికి ఇప్పుడు ఢోకా లేదని నాకూ తెలుసు. తెలిసినా, మనం పుట్టిన తీరే తప్పని ఒకరు కాగితం మీద రాసిపెట్టాక అది చదవడం ఎలా ఉంటుందో ఆ ఫార్వర్డు రాసినాయనకి తెలియదు.

ఇంకా దగ్గరి సంగతి హనుమకొండ అక్కది. ఐదేళ్ళ తర్వాత బతుకమ్మకి ఇంటికెళ్ళింది. 2025 సెప్టెంబరు 21 ఆదివారం ఎంగిలిపూల బతుకమ్మ. 19న అమెరికాలో హెచ్‌1బీ దరఖాస్తుకి లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన వచ్చింది, 21 నుంచే అమలు. ఎవరికి వర్తిస్తుందో స్పష్టంగా లేదు. వెంటనే తిరిగి రమ్మని కంపెనీ నుంచి మెయిల్. శనివారం పొద్దున వాళ్ళమ్మ తంగేడు, గునుగు పూలు తెచ్చి తాంబాళంలో పోసిందట. ఈమె వాటి ఫోటో తీసుకుని శంషాబాద్‌కి కారెక్కింది. దోహాలో దిగేసరికి వైట్‌హౌస్ నుంచి వివరణ: కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి కాదు. వెనక్కి వెళ్ళడానికి టికెట్ లేదు. ఆదివారం ఊళ్ళో వాళ్ళమ్మ బతుకమ్మ ఆడుతుంటే ఈమె అట్లాంటిక్ మీద ఉంది. ఈ అక్క ఒక్క రోజు కూడా చట్టం దాటలేదు. ఇది నష్టం కాదంటే దీనికి వేరే పేరు పెట్టండి, నేనూ అదే వాడతాను.

ఇక చివరిది, చుట్టరికాలు. మా పెద్దమ్మ కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, అక్కడి పౌరుడు. ట్రంప్‌కి ఓటేశాడు. సరుకుల ధరలు మండిపోతున్నాయన్నాడు. గ్రీన్‌కార్డు కోసం తను పదకొండేళ్ళు క్యూలో నిలబడితే సరిహద్దు దాటి వచ్చినవాళ్ళు ముందుకెళ్ళిపోతున్నారన్నాడు. ఆ మాటలో నాకు పూర్తిగా జవాబు లేదు, ఆ పదకొండేళ్ళు ఆయన అనుభవించాడు. అయినా రెండు నెలలు మాట్లాడుకోలేదు. సంక్రాంతికి పెద్దమ్మ ఇద్దరినీ ఒకే వీడియో కాల్‌లోకి లాగింది. అరిసెలు చూపిస్తూ మధ్యలో కూర్చోబెట్టినా మేం గంటసేపు పోట్లాడుకున్నాం. ఫార్వర్డు చెప్పినట్టు నోరు మూసుకుని ఉంటే ఆ రెండు నెలలు ఇంకా సాగి ఉండేవేమో.

సెప్టెంబరు 19 రాత్రి ఆయనే ఫోన్ చేశాడు. "మీ రూమ్మేట్ ఇండియాలో ఉంది కదే, టికెట్ దొరికిందా?" అన్నాడు. దొరకలేదన్నాను. ఆమె పాస్‌పోర్టు వివరాలు పంపమన్నాడు. ఆ దోహా టికెట్ తన మైళ్ళతో కొన్నది ఆయనే. సోమవారం పొద్దున "చేరిందా?" అని మెసేజ్ పెట్టాడు. చేరిందని రాశాను. ఓటు మాట ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. సంక్రాంతికి అడుగుతాను.