ట్రయల్స్ లెక్క సరే, ఫలితాల లెక్కేది?

అడ్మిషన్ల సీజన్ వస్తే చాలు, చెన్నై డీమ్డ్ మెడికల్ యూనివర్సిటీలు నెల్లూరు, తిరుపతి తల్లిదండ్రుల ముందు బ్రోషర్లు పరుస్తాయి. బెడ్లు ఇన్ని, పేపర్లు ఇన్ని, పేటెంట్లు ఇన్ని. ఇప్పుడు ఆ వరసలోకి రిజిస్టరైన క్లినికల్ ట్రయల్స్ (మనుషుల మీద మందులు, చికిత్సలు పరీక్షించే అధ్యయనాలు) సంఖ్య కూడా వచ్చి చేరుతోంది. అది చూసి మురిసిపోవాల్సిన పనేం లేదు. కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ నడిపే, ఈ ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్‌ఐ రిజిస్ట్రీ 2007లో మొదలైంది. 2009 జూన్ నుంచి డ్రగ్స్ కంట్రోలర్ నమోదు తప్పనిసరి చేశారు. 2018 ఏప్రిల్ నుంచి మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదు చేయాలి. హెల్మెట్ పెట్టుకున్నానని ఎవరైనా సన్మానం అడుగుతారా?

అసలు సంగతి నమోదు తర్వాత ఉంది. ఏదైనా యూనివర్సిటీ పేరుతో సీటీఆర్‌ఐలో వెతికి, ఏడెనిమిదేళ్ల కిందటి ఎంట్రీలు కొన్ని తెరవండి. పీజీ థీసిస్ అన్న గడిలో 'అవును' అని ఉంటుంది. కావాల్సిన రోగులు అరవై మంది, వ్యవధి ఏడాది. కిందికి వెళ్తే స్థితి: 'ఓపెన్ టు రిక్రూట్‌మెంట్'. ఆ థీసిస్ రాసిన అమ్మాయి ఎండీ పూర్తి చేసి, ఊళ్లో క్లినిక్ పెట్టి, పిల్లల్ని బడికి కూడా పంపుతూ ఉంటుంది. రికార్డు మాత్రం ఇంకా రోగుల కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది.

ఇలాంటి ట్రయల్స్‌లో సూళ్లూరుపేట నుంచి తెల్లవారుజామున లోకల్ ఎక్కి, పరగడుపున వచ్చి రక్తమిచ్చేవాళ్లు ఉంటారు. ఒక రోజు కూలి పోతుంది. సంతకం పెట్టేటప్పుడు వాళ్లకు చెప్పేది ఒకటే: మీ వల్ల రేపటి రోగులకు మేలు జరుగుతుంది. ఫలితం డిపార్ట్‌మెంట్ బీరువా దాటకపోతే ఆ మేలు ఎవరికి? మన దగ్గర ట్రయల్స్ మీద చర్చ ఎప్పుడూ సమ్మతి పత్రం దగ్గరే ఆగిపోతుంది. ఖమ్మం హెచ్‌పీవీ టీకా వ్యవహారంలో అమ్మాయిల తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారన్నది అందరికీ గుర్తుంది, గుర్తుండాలి కూడా. సంతకం సరిగ్గా తీసుకున్న ట్రయల్ ఫలితం ఏమైందని అడిగేవాళ్లే కరువు.

దాచిన ఫలితం ప్రాణాలు తీస్తుంది. 1980లో బ్రిటన్‌లో లోర్కెనైడ్ అనే గుండె మందును 95 మంది గుండెపోటు రోగుల మీద పరీక్షించారు. మందు వాడిన 48 మందిలో 9 మంది, వాడని 47 మందిలో ఒక్కరు చనిపోయారు. ఎలాగూ వ్యాపార కారణాలతో కంపెనీ ఆ మందును వదిలేసింది. ఆ ఫలితం అచ్చయింది 1993లో. ఈలోగా అదే తరహా మందులు గుండెపోటు రోగులకు రాస్తూనే పోయారు.

మరి చెన్నైకి ఇది కొత్త పాఠమా? 1956లో మొదలైన మద్రాసు క్షయ కేంద్రమే, శానటోరియంలో పడుకోబెట్టకుండా ఇంట్లోనే మందులిచ్చినా జబ్బు నయమవుతుందని ప్రపంచానికి చూపించింది. అంతకంటే నాకు నచ్చేది క్షయ టీకా బీసీజీ మీద జరిగిన చెంగల్పట్టు ట్రయల్. 1968 నుంచి 1971 దాకా ఇప్పటి తిరువళ్లూరు వైపు పల్లెల్లో రెండున్నర లక్షల మందికి పైగా పాల్గొన్నారు. తేలిందేమిటి? పెద్దల్లో ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేకపోయింది. ప్రభుత్వం ఊరూరా వేయిస్తున్న టీకా అది. అయినా ఫలితం ప్రకటించారు, పదిహేనేళ్ల తర్వాతి లెక్కలు కూడా బయటపెట్టారు. పిల్లల్లో తీవ్రమైన క్షయకు బీసీజీ పనికొస్తుంది కాబట్టి టీకా నేటికీ ఉంది. పెద్దల విషయంలో భ్రమ పోయింది. ఏమీ పనిచేయలేదని తేల్చడం ఎంత విలువైన పనో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

నెగటివ్ ఫలితాలను జర్నల్స్ వేసుకోవని, పీజీలు మూడేళ్లకు వెళ్లిపోతారని, అప్‌డేట్ చేయడానికి మనుషులు లేరని ప్రొఫెసర్లు అంటారు. మొదటి మాట నిజమే. కానీ రిజిస్ట్రీలో స్థితి మార్చడానికి జర్నల్ అనుమతి అక్కర్లేదు. ట్రయల్ ముగిసిన 12 నెలల్లో ఫలితాల సారాంశం రిజిస్ట్రీలో పెట్టాలన్న 2017 డబ్ల్యూహెచ్ఓ ఉమ్మడి ప్రకటన మీద స్వయంగా ఐసీఎంఆర్ సంతకం ఉంది. కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే నాక్ ఫైలు నింపడానికి దొరికే మనుషులు దీనికి దొరకరా?

నిజానికి ఈ జబ్బు మెడికల్ యూనివర్సిటీల్లో పుట్టింది కాదు. ఒకటి, ఒకటి, ఒకటి అంటూ టీవీలో ర్యాంకులు అరిచిన ఇంటర్ కాలేజీల ప్రకటనలతో పెరిగిన తరం మనది. ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో మానేశారు అని మనమెన్నడూ అడగలేదు. చేరినవాళ్ల సంఖ్య దాచి ర్యాంకులు చూపించారు అక్కడ. ఇక్కడ మొదలుపెట్టినవి చూపించి ముగిసినవి దాచేస్తున్నారు. కోటి ఫీజు కట్టే తల్లిదండ్రులు కూడా అంకె పెద్దదైతే చాలనుకుంటున్నారు.

డీమ్డ్ యూనివర్సిటీలో థీసిస్ ఒప్పుకునేదీ, డిగ్రీ ఇచ్చేదీ అదే సంస్థ. సీటీఆర్‌ఐ ఎంట్రీలో స్థితి మార్చి, ఒక పేజీ ఫలితం జత చేస్తే తప్ప థీసిస్ మీద గైడ్ సంతకం పెట్టకూడదని ఒక సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది. దానికి ఢిల్లీ అనుమతి గానీ, కొత్త బడ్జెట్ గానీ అక్కర్లేదు. వచ్చే బ్యాచ్ నుంచే మొదలుపెట్టొచ్చు.