థర్మల్ స్కోపు గారికి, మంచులో తడిసినవాడు రాయునది ఏమనగా

మహారాజశ్రీ థర్మల్ స్కోపు గారి దివ్య సముఖమునకు,

ఉభయ కుశలోపరి. ఇక్కడ నేను క్షేమం, జలుబు ఒక్కటి తప్ప. మీరెలాగూ క్షేమమే, వాటర్‌ప్రూఫ్ అని అట్టపెట్టె మీదే రాసుంది. వాన మీ లోపలికి రాదు సరే, వానలోంచి మీకేమైనా కనబడుతుందా అన్నది మాత్రం ఆ పెట్టెకు ఆరు వైపులా వెతికినా దొరకలేదు. చీకట్లో ఒంటి వేడిని బట్టి జంతువుల్ని చూపించే తుపాకీ దుర్బిణివని మూడు వేల డాలర్లు పోశాను కాబట్టి ఇక్కడి నుంచి నువ్వు అనే అంటాను. (మా ఆవిడకు ఎనిమిది వందలని చెప్పాను, అది వేరే ఉత్తరం.)

పెట్టె మీద పంది బొమ్మ, పక్కన 1800 మీటర్లు అని పెద్దక్షరాలు. అంత దూరంలో కనిపించేది పంది కాదనీ, ఏదో వేడిగా ఉన్న ఒక చుక్క అనీ, అదీ గాలి పొడిగా ఉన్న రాత్రి మాత్రమేననీ కొన్నాక తెలిసింది. చుక్కలు చూడ్డానికైతే ఆకాశం ఉంది కదా, ఫ్రీగా.

నీకు తెలియనిదేం కాదు, టెక్సస్‌లో అడవి పందులు పాతిక లక్షలకు పైనే ఉంటాయని అంచనా. ఎప్పుడో స్పెయిన్ వాళ్లు తెచ్చిన పెంపుడు పందులు తప్పించుకుని, 1930ల్లో వేట సరదాకని వదిలిన యూరప్ అడవి పందులతో కలిసిపోయి, ఇప్పుడు రాత్రికి రాత్రి చేలు దున్నిపారేస్తున్నాయి. భూమి యజమాని సరేనంటే ప్రైవేటు భూమిలో వాటిని కొట్టడానికి 2019 సెప్టెంబర్ నుంచి లైసెన్సు కూడా అక్కర్లేదు. అలా సోమవారం నుంచి శుక్రవారం దాకా డల్లాస్‌లో కోడ్ రాసుకునే నేనూ నా ఫ్రెండూ శనివారం రాత్రికి వేటగాళ్లమయ్యాం.

ఫిబ్రవరి. సాయంత్రం దాకా వాన, చీకటి పడ్డాక పొగమంచు. చలికి ఓర్చుకోలేక పికప్‌లోనే కూర్చుని, అద్దం దించకుండా నిన్ను కంటికి పెట్టుకున్నాను. చీకట్లో తెల్లగా ఒక తల! గుండె ఝల్లుమంది. తీరా చూస్తే అద్దంలో నా మొహమే. మామూలు గాజులోంచి వేడి కిరణాలు పోవట, అందుకే నీ కంటికి జెర్మేనియం పెట్టారట. ఆ మాట ఫ్రెండు నవ్వడం అయిపోయాక చెప్పాడు.

దిగి చేలోకి పోయాం. అక్కడ నువ్వు చూపించింది ఏమిటయ్యా అంటే, ఇడ్లీ పిండి. నీకు కావాల్సింది వెలుతురు కాదు, వేడిలో తేడా. వాన పడితే గడ్డి, చెట్టు, రాయి, కంచె స్తంభం అన్నీ ఒకే చల్లదనానికి వచ్చేస్తాయి, ఇక తేడా ఎక్కడ? పంది ఒళ్లు వేడిదే, కానీ తడిసిన బొచ్చు మీద బురద కూడా పూసుకుని వస్తుందాయె. పైగా నువ్వు పట్టుకునే వేడి కిరణాల అల పొడవు 8 నుంచి 14 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), పొగమంచు బిందువులూ ఇంచుమించు అంతే ఉంటాయి. దారిలోనే ఆ కిరణాలను చెల్లాచెదురు చేసేస్తాయి. రెయిన్ మోడ్ అని నీకో బటన్ ఉంది, నొక్కాను. ఇడ్లీ పిండి కాస్తా ఉప్మా రవ్వ అయింది. మధ్యమధ్యలో టక్‌మని షటరు వేసుకుని బొమ్మను బిగించేస్తావు చూడు, అదేదో ఆలోచిస్తున్నట్టు, అప్పుడు మాత్రం ఒళ్లు మండింది.

కదిరి దగ్గర మా శనక్కాయ చేనుకి కూడా పందులు వచ్చేవి. చుట్టూ పాత చీరలు కట్టి, మంచె మీద కూర్చుని నాన్న డబ్బా వాయించేవాడు. నిన్ను కొన్న రోజు వీడియో కాల్‌లో చూపిస్తే, "మంచు పడితే దీంట్లో కనపడుతాదా?" అని ఒక్కటే అడిగాడు. "నాన్నా, ఇది మిలిటరీ టెక్నాలజీ" అన్నాను గొప్పగా. "మంచులో కళ్లతో పనేముందిరా, చెవి పెట్టి విను" అన్నాడాయన.

రాత్రి రెండు దాటాక నూట ఇరవై గజాల్లో తెల్లటి మరక ఒకటి. పొట్టిగా, గుండ్రంగా, తల కిందికి వంచి. ఫ్రెండు చెవిలో "పందే మామా, కొట్టు" అన్నాడు. జూమ్ చేశాను. నాలుగు పెద్ద గళ్లు, వాటి చుట్టూ చిన్న గళ్లు. మరక పెద్దదైంది గానీ జంతువు కాలేదు. వేలు ట్రిగ్గర్ దాకా పోలేదు, భయంతో అనుకో. చెవి పెట్టాను.

"అంబా" అంది.

మమ్మల్ని వేటకు రానిచ్చిన రాంచ్ పెద్దాయన దూడ. నువ్వు దాన్ని పంది అనలేదు, నిజమే. పంది కాదు అని కూడా అనలేదు కదా!

తెల్లారి మంచు విడిపోయాక, రాత్రంతా మేం చూసిన వైపే, రెండు వందల గజాల్లో గోధుమ చేను అరెకరం దున్నినట్టుంది. పెద్దాయన గుంటల వైపు చూశాడు, నీ వైపు చూశాడు, ఎంతకు కొన్నావని అడిగాడు. ఎనిమిది వందలని చెప్పాను.

ఇట్లు,
నీ వాయిదాలు ఇంకా కడుతున్నవాడు

తా.క.: నిన్ను అమ్మకానికి పెట్టాను. వానలో పనిచేస్తుందా అని ఒకాయన మెసేజ్ పెట్టాడు. వాటర్‌ప్రూఫ్ అండీ అని జవాబిచ్చాను.