మంచుకొండ గుర్తు టైరు గారికి, మారతహళ్ళి నుంచి

మహారాజశ్రీ ఆల్ టెర్రెయిన్ (అన్ని రకాల నేలల మీదా నడుస్తుందనే) టైరు గారి సముఖానికి,

బెంగళూరు మారతహళ్ళి నుంచి ఒక అపార్ట్‌మెంటు నివాసి నమస్కరించి వ్రాయునది. మేమందరం క్షేమం. మీ క్షేమసమాచారాలు అడగవలసిన పని లేదు. కొని ఏడాది దాటినా పళ్ళ సందుల్లో బురద చుక్కైనా అంటకుండా మా సెల్లార్‌లో నిగనిగలాడుతున్న మిమ్మల్ని రోజూ చూస్తూనే ఉన్నాను.

మా భవనంలో ఎస్‌యూవీ ఉన్న ఇళ్ళలో సగం ఇప్పుడు మీ పక్షమే. ఉన్న టైర్లు అరిగిపోయి మిమ్మల్ని తెచ్చుకున్నవారి సంగతి సరే, బండి షోరూము నుంచి దిగిన నెలలోపే కొత్త టైర్లను అయినకాడికి అమ్ముకుని మిమ్మల్ని ఎక్కించుకున్నవారూ ఉన్నారు. అలాంటివారిలో ఒకరైన మా పైఅంతస్తు కర్నూలు ఆయన వెంట అవుటర్ రింగ్ రోడ్డు పక్కనున్న ఒక టైర్ల దుకాణానికి నేనూ వెళ్ళాను. అక్కడి కుర్రవాడు మీ పక్కగోడను గుడ్డతో తుడిచి, మూడు శిఖరాల కొండలో మంచుపువ్వు ఉన్న చిన్న బొమ్మను వేలితో చూపించి, "హైవే, ఇసుక, మంచు, మూడింటికీ ఇదొక్కటే సార్, ఇంకేం చూసుకోనక్కర్లేదు" అన్నాడు. ఆయన నిజంగానే ఇంకేమీ చూసుకోలేదు. ఆ బొమ్మకు జానెడు దూరంలోనే, మీరు పుట్టిన వారాన్నీ సంవత్సరాన్నీ చెప్పే నాలుగు అంకెలున్నాయి. 3821 అని ఉంటే 2021లో 38వ వారమని లెక్క. కొండ బొమ్మ మీద పడిన చూపు ఆ అంకెల దాకా జరగలేదు గనుక, మీరు గోదాములో ఎన్ని సంక్రాంతులు గడిపి వచ్చారో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

ముందుగా ఆ మంచు సంగతే విన్నవించుకుంటాను. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన బిరుసెక్కి పట్టు కోల్పోతుంది కాబట్టి, చలిదేశాలవారు సుమారుగా ఆ 7 డిగ్రీలనే గీతగా పెట్టుకుని, చలిలో కూడా మెత్తగా ఉండే రబ్బరుతో చేసిన టైర్లకు మారతారు. బెంగళూరు వాతావరణ రికార్డుల్లో అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అది నమోదైంది 1884 జనవరిలో. డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నది 1888లో. అంటే, ఈ నగరానికి మీతో పని పడుతుందా అనిపించేంత చలి వేసిన ఆ ఒక్క ఉదయానికి మీ వంశమే ఇంకా వాడుకలోకి రాలేదు. ఆ తరువాత నగరం మళ్ళీ అంతగా చల్లబడి మీకు అవకాశం ఇచ్చిన పాపాన పోలేదు. ఆంధ్రా కాశ్మీరమని మనవాళ్ళు ముద్దుగా పిలుచుకునే లంబసింగికి వెళ్ళినా ఎదురయ్యేది పొగమంచు. దానికి కావలసినవి ఫాగ్ లైట్లు.

బొమ్మ ఉన్న మీకు నేను కొంత గౌరవం ఇస్తాను, ఎందుకంటే గట్టిపడిన మంచు మీద పరీక్ష నెగ్గితే తప్ప దానిని ధరించడానికి వీలు లేదు. మీ జ్ఞాతుల్లో చాలామంది ఎం, ఎస్ (బురద, మంచు అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు) అనే రెండు అక్షరాలు మాత్రం వేసుకుని అదే హోదా చలాయిస్తుంటారు. ఆ అక్షరాలకు మంచులో ఏ పరీక్షా అక్కరలేదు. ట్రెడ్‌లో, అంటే రోడ్డుకు ఆనే పైభాగంలో, పల్లాలు తగినన్ని ఉంటే తయారుచేసినవారే అచ్చు వేసుకోవచ్చు. జర్మనీలో 2024 అక్టోబరు నుంచి ఉత్త అక్షరాల టైరును చలికాలపు టైరుగా ఒప్పుకోవడం మానేశారు, కొండ బొమ్మ ఉండి తీరాలి. అయితే తమరి బొమ్మ కూడా పేరుకున్న మంచు గురించి చెబుతుందే గాని, నీరు గడ్డకట్టి అద్దంలా మారిన రోడ్డు గురించి ఏ హామీ ఇవ్వదు. ట్రెడ్ దిమ్మల మీద సన్నగా కోసిన గాట్లు మంచును పట్టి ఉంచుకుంటే, మంచును మంచే పట్టుకుని బండిని నిలబెడుతుంది. బురద టైరు పని దీనికి పూర్తిగా తలకిందులు; తన పళ్ళలో చిక్కినదాన్ని అది విదిలించి పారేయాలి. కాబట్టి పెద్ద పెద్ద దిమ్మలతో రాక్షసుడిలా కనిపించే బురద టైరే గడ్డకట్టిన రోడ్డు మీద అందరికంటే ముందు జారుతుంది.

కర్నూలు ఆయన దీనికి చెప్పే సమాధానం నాకు తెలుసు. ఎప్పటికైనా మనాలీకి వెళతారట, 2020 అక్టోబరులో తెరిచిన తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం దాటి అవతలి మంచులో ఫొటో దిగుతారట. శుభం. ఇక్కడి నుంచి అక్కడికి రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ఎండిన రోడ్డు మీద మీరు అరుగుతూ వెళ్ళి, తీరా మంచు బాగా పడిన రోజున పోలీసులు ఆపి అడిగేది నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండేనా, కాకపోతే మంచులో చక్రాలకు చుట్టే గొలుసులున్నాయా అని. ఆయన బండి ముందు చక్రాలతో మాత్రమే నడుస్తుంది. గొలుసులు కొనుక్కుంటే సరిపోయే పనికి గొలుసులు కొనలేదు, మిమ్మల్ని కొన్నారు.

ఇసుక విషయంలో తమరి కీర్తి మరీ విచిత్రమైనది. ఇసుకలో బండి నడవాలంటే తేలాలి, తవ్వకూడదు. మీ పళ్ళు ఎంత పదునుగా ఉంటే అంత లోతుగా తవ్వుతాయి. అక్కడ పనికొచ్చే ఉపాయం ఖర్చు లేనిది: 33 లేక 35 పీఎస్‌ఐ ఉన్న గాలిని పదిహేను, పద్దెనిమిది దాకా వదిలేస్తే టైరు నేలకు ఆనే భాగం పొడవుగా సాగుతుంది, బరువు పరుచుకుంటుంది, బండి పైపైన వెళ్ళిపోతుంది. మరీ వదిలేసి మలుపు గట్టిగా తిప్పితే టైరు అంచు రిమ్ము నుంచి ఊడివస్తుంది కాబట్టి మెల్లగా పోవాలి. కేరళలో కన్నూరు దగ్గర ముళప్పిలంగాడ్ సముద్రతీరానికి మా భవనంవారు రెండు బండ్లలో వెళ్ళారు. అక్కడ నీటి అంచున తడిసి బిగిసిన ఇసుక మీద అద్దె కార్లు, చిన్న హాచ్‌బ్యాక్‌లు కూడా హాయిగా తిరుగుతుంటాయి. తమరు మాత్రం ఉత్సాహం ఆపుకోలేక పైనున్న పొడి ఇసుకలోకి వెళ్ళి, యాక్సిలరేటర్ నొక్కినకొద్దీ గొయ్యి తీసుకుంటూ ఇరుసు దాకా దిగిపోయారు. టీ కొట్టు ముసలాయన వచ్చి, గాలి నింపే వాల్వును పుల్లతో నొక్కి నాలుగింటిలోనూ గాలి తీయించి, రివర్సులో వచ్చిన జాడల వెంటే బయటికి రప్పించాడు. ఆ పుల్ల గొప్పతనం కూడా మీ ఖాతాలోనే పడింది. "మామూలు టైర్లయితే అక్కడే ఉండిపోయేవాళ్ళం" అని కర్నూలు ఆయన ఇప్పటికీ చెబుతుంటారు. తిరిగి వచ్చేటప్పుడు గాలి కొట్టించకుండా హైవే ఎక్కి ఉంటే పక్కగోడ వేడెక్కి పేలిపోయేదన్న సంగతి ఆ కథలో రాదు.

ఇక హైవే. మా బతుకంతా దాని మీదే గనుక అసలు ఫిర్యాదు కూడా ఇక్కడే ఉంది. సంక్రాంతికీ వేసవి సెలవులకూ ఈ నగరంలోని తెలుగువారు సగం మంది 44వ నంబరు జాతీయ రహదారి మీదే ఉంటారు. బాగేపల్లి టోల్‌గేటు దాటి వేగం పెరగగానే, వెనక సీట్లో ఉన్న కర్నూలు ఆయన అత్తగారు, "అల్లుడుగారూ, చక్రంలో ఏదో ఊడినట్టుంది, ఒకసారి ఆపి చూడండి" అన్నారట. పెనుకొండ దగ్గర మళ్ళీ అన్నారు, గుత్తి దగ్గర మళ్ళీ అన్నారు. ఊడిందేమీ లేదు, మీ దిమ్మల మధ్య వెడల్పు సందుల్లో చిక్కిన గాలి నలిగి బయటపడే చప్పుడు, ఒక్కొక్క దిమ్మ రోడ్డును కొట్టే చప్పుడు కలిసిన మీ సహజ గానం అది. బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత అని మన పెద్దలు ఏ టైరును దృష్టిలో పెట్టుకుని అనలేదు గాని, ఆ సామెత తమరికి సరిగ్గా కుదిరింది.

మోతను సహించవచ్చు. అనంతపురం దాటాక వాన పడితే సహించవలసినది వేరే ఉంది. ఆ సందుల వల్ల రోడ్డుకు ఆనే రబ్బరు తగ్గుతుంది, ఎత్తైన దిమ్మలు బ్రేకు వేసినప్పుడు వంగుతాయి, రాళ్ళకు కోసుకుపోకుండా చేసిన గట్టి రబ్బరు తడి తారును అంతగా పట్టుకోదు. కాబట్టి సాధారణంగా మంచి హైవే టైరు ఆగిన చోటుకు మరికొంత దూరం ముందుకు వెళ్ళి గాని మీరు ఆగరు. ముందున్న లారీకి ఆ దూరం గురించి ఎవరూ చెప్పి ఉంచరు. డీజిలు కొంచెం ఎక్కువ తాగడం దీని ముందు చాలా చిన్న విషయం.

పైగా ఆయన కొలత కూడా పెంచారు. బండితో వచ్చినవి 235/65 ఆర్ 17 (వెడల్పు మిల్లీమీటర్లలో, పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో శాతంగా, రిమ్ము అంగుళాల్లో), ఇప్పుడున్నవి 245/70 ఆర్ 17. లెక్క కడితే చక్రం ఎత్తు అయిదు శాతం పెరిగింది. మీటరు సరిగ్గానే చూపుతుందనుకున్నా, అది 100 అంటున్నప్పుడు బండి 105లో వెళుతోంది. నాలుగు వరసల రహదారిపై కార్ల పరిమితి 100. పాత టైరు మీద ఉన్న 104 హెచ్ అనే అక్షరాలకు ఒక్కో టైరు 900 కిలోలు మోస్తుందని, గంటకు 210 కిలోమీటర్ల వేగం తట్టుకుంటుందని అర్థం. బురద టైర్లలో చాలావాటికి క్యూ అని ఉంటుంది, అంటే 160. మన దారుల్లో 160 ఎవరికీ అక్కర్లేదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కాని అయిదుగురు మనుషులు, పైన రెండు మూటల సోనామసూరి బియ్యం, అరిసెల డబ్బాలు ఎక్కిన రోజున గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కరు చెబుతుంది, నిండు బరువుకు వేరే అంకె ఇస్తుంది. కొండ బొమ్మను దుకాణంలో అంతసేపు చూసినవారు ఈ స్టిక్కరును ఎప్పుడూ చూడలేదు. అది అమ్మకానికి పెట్టినది కాదు కదా.

మీ మీద నాకు ద్వేషం లేదు. సక్లేశ్‌పుర కాఫీ తోటల్లో, వానాకాలం ఎర్రమట్టి జారే ఏటవాలు బాటల్లో, పదునైన రాళ్ళున్న క్వారీ దారుల్లో మీరు చేసే పని ఏ హైవే టైరూ చేయలేదు. అక్కడి జీపులకు మిమ్మల్ని తొడిగినవారు మీ బొమ్మను చూసి తొడగలేదు, తమ బాటను చూసుకుని తొడిగారు. కాబట్టి ఒక విన్నపం. కర్నూలు ఆయన అత్తగారి పోరు పడలేక వచ్చే నెలలో మిమ్మల్ని నలుగురినీ అమ్మి, పాత కొలతలోనే హైవే టైర్లు వేయించుకోవాలనుకుంటున్నారు. తోటలవారెవరైనా బేరానికి వస్తే బెట్టు చేయకుండా వెళ్ళండి. డిక్కీలో ఉన్న స్టెప్నీ మాత్రం మీ జట్టులోది కాదు, షోరూము నుంచి వచ్చిన పాతదే. బూట్‌లో సామాను సర్దే తొందరలో దాన్నెవరూ ముట్టుకోలేదు, గాలి కూడా చూడలేదు. దాన్ని మాకే వదిలి వెళ్ళండి, కొత్తవాటితో కొలత కలుస్తుంది.

ఇట్లు,
మీ సెల్లార్‌లోనే పక్క గీతల్లో హాచ్‌బ్యాక్ నిలుపుకునే
ఒక విధేయుడు