ఒక రోజుకి ఒక్క చోటు చాలు

పోయిన ఆగస్టులో మన తెలుగు సంఘం బస్సు యాత్రలో ఒక్క రోజులో నాలుగు ఊళ్లు తిరిగాం. బస్సు ఆగిన చోటల్లా దిగాం, ఫొటోలు తీసుకున్నాం, మళ్లీ ఎక్కాం. మూడో ఊరు వచ్చేసరికి మా అమ్మ దిగనే లేదు. "మోకాళ్లు లాగేస్తున్నాయి, మీరు వెళ్లి రండి" అని కిటికీ పక్కనే ఉండిపోయింది. రాత్రి ఇంటికొచ్చాక ఏం చూశావురా అని మా పెద్దవాణ్ణి అడిగితే ఐస్‌క్రీమ్ వ్యాన్ గురించి చెప్పాడు. ఆ యాత్ర కోసం కమిటీ వాళ్లు ఎన్ని రాత్రులు ఫోన్ల మీదే గడిపారో నాకు తెలుసు. వాళ్ల శ్రమ మీద నాకు గౌరవం ఉంది కాబట్టే, వచ్చే వేసవికి ఈ పద్ధతి మార్చుకుందామని అడుగుతున్నాను.

నేను చెప్పేది ఒక్కటే. నాలుగు ఊళ్లు వద్దు, ఒక పాత జిల్లా కేంద్రాన్ని పట్టుకుందాం. అక్కడికి వెళ్లి, ఆ రోజంతా ఆ ఊరికో, దాని పక్కనున్న ఒక్క చోటుకో ఇచ్చేద్దాం. మిగతావి ఇంకోసారి. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల ఉన్న మనకి అలాంటి ఊరు గంట రైలు దూరంలోనే ఉంది: ష్రాప్‌షైర్ కౌంటీ కేంద్రం, ష్రూస్‌బరీ.

సెవెర్న్ నది ఈ ఊరిని గుర్రపు నాడాలాగా చుట్టుకుని పోతుంది. తూర్పున ఇంగ్లిష్ బ్రిడ్జి, పడమర వెల్ష్ బ్రిడ్జి. నది చుట్టని ఆ కాస్త నేల మీద కోట కాపలా కాస్తున్నట్టుంటుంది. రైలు స్టేషను ఆ కోట కిందే, కాబట్టి దిగగానే ఊళ్లో ఉన్నట్టే. కారు పార్కింగ్ కోసం చక్కర్లు కొట్టక్కర్లేదు. పాత వీధుల మధ్య మనిషి పట్టేంత సందులుంటాయి. వాటిని ఆ ఊరివాళ్లు 'షట్' అంటారు. ఒక సందులోంచి దూరితే నల్లటి కర్రదూలాల ఇళ్లు రెండు వైపులా తలమీదికి వంగినట్టుంటాయి, ఇంకో సందులోంచి బయటపడితే చేపల వీధి. పిల్లల్ని ఆ సందుల్లో వదిలేస్తే చాలు, వేరే ఆటలు అక్కర్లేదు. డార్విన్ 1809లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఆయన చదువుకున్న పాత బడి ఇప్పుడు గ్రంథాలయం, ముందు ఆయన విగ్రహం కూర్చుని ఉంటుంది.

సెప్టెంబరులో మేం ఆరుగురం మా అంతట మేమే వెళ్లాం. అమ్మ, నాన్నగారు, మేమిద్దరం, పిల్లలిద్దరు. డార్విన్ దగ్గర పది నిమిషాలు ఉన్నామేమో. ఊరి నడిమధ్య, 'ద స్క్వేర్' అనే కూడలిలో మాత్రం గంటన్నర ఉండిపోయాం. అక్కడ ఈస్టిండియా కంపెనీ సేనాని రాబర్ట్ క్లైవ్ విగ్రహం ఉంది. 1860లో పెట్టారు. క్లైవ్ ఈ జిల్లావాడే, 1761 నుంచి చనిపోయేదాకా ఈ ఊరికి పార్లమెంటు సభ్యుడు. మా నాన్నగారు బందరు హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేశారు. విగ్రహాన్ని కిందినుంచి పైదాకా చూసి, "ఇతనేనా ఫోర్డ్‌ని మన మీదికి పంపింది?" అన్నారు.

తర్వాత అక్కడే బెంచీ మీద కూర్చుని మనవడికి చెప్పడం మొదలుపెట్టారు. విజయనగరం ఆనంద గజపతి సాయం అడిగితే 1758లో క్లైవ్ బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ని సైన్యంతో పంపడం, ఆ డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లు ఓడిపోవడం, మరుసటి ఏప్రిల్‌లో ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న బందరు కోట మీద రాత్రివేళ ఫోర్డ్ దాడి. కోట చుట్టూ చిత్తడి నేల, అటునుంచి ఎవరూ రాలేరన్న ధీమా. ఒక దళం ఆ బురదలోంచే వచ్చింది. కోట పోయింది. 1765లో మొగల్ చక్రవర్తి షా ఆలం దగ్గర క్లైవ్ పుచ్చుకున్న ఫర్మానాల్లో బెంగాల్ దివానీతో (పన్ను వసూలు హక్కుతో) పాటు ఉత్తర సర్కార్లు, అంటే మన కోస్తా జిల్లాలు కూడా ఉన్నాయి. "అంటే మన ఊరేనా తాతయ్యా?" అని వాడు రెండుసార్లు అడిగాడు. ఆ కోట శిథిలాల దగ్గరికి తాతయ్య చిన్నప్పుడు సైకిలు మీద వెళ్లేవారని వాడికి ఆ రోజే తెలిసింది. మాకు కూడా.

ఈ విగ్రహం తీసేయాలని 2020లో వేలమంది సంతకాలు పెట్టారు, కౌన్సిల్ ఉంచాలనే ఓటేసింది. ఉంచినా తీసినా, ఆ మనిషి మన నేలకి ఏం చేశాడో మన పిల్లలకి చెప్పే పని ఆ ఊరిది కాదు, మనది. పది నిమిషాల బస్సు మజిలీలో ఆ పని కాదు.

ఇష్టమున్నవాళ్లు ఇంకో శనివారం ఇదే కథకి రెండో సగం చూసి రావచ్చు. ష్రూస్‌బరీ నుంచి పడమటికి అరగంట లోపు రైలు ప్రయాణం, వేల్స్ సరిహద్దు దాటితే వెల్ష్‌పూల్. అక్కడినుంచి మైలు నడక, పోవిస్ కోట. క్లైవ్ కుటుంబం ఇండియా నుంచి తెచ్చుకున్న వస్తువులు 300కు పైగా అక్కడున్నాయి. క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్ మద్రాసు గవర్నరుగా ఉండగానే 1799లో శ్రీరంగపట్నం పడిపోయింది. టిప్పు సుల్తాన్ సింహాసనం మీది పులి తల ఒకటి ఇక్కడికి చేరింది, ఆయన గుడారం కూడా. ఆ గుడారం గుడ్డ ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. తెల్లటి నూలు బట్ట మీద కుండీలు, కుండీల్లోంచి లేచిన పూలకొమ్మలు, ఎర్రరంగు ఇంకా ఎర్రగానే ఉంది. కలంకారీ అద్దకం చూస్తూ పెరిగినవాళ్లకి ఆ గుడ్డని అద్దం వెనకనుంచి చూడటం కష్టం. చెయ్యి దానంతటదే ముందుకు వెళ్తుంది. కోట గుట్ట మీద ఉంటుంది, మెట్లు ఎక్కువ. మా అమ్మ ఆ రోజు రాలేదు, రాకపోవడమే మంచిదైంది.

అమ్మకి నచ్చిన చోటు వేరు. ష్రూస్‌బరీ నుంచి దక్షిణంగా పావుగంటలో చర్చ్ స్ట్రెటన్ స్టేషను. అక్కడ కార్డింగ్ మిల్ లోయలో కొండల మధ్య చిన్న వాగు పారుతుంది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, చెప్పులు నా చేతికిచ్చి, మనవరాలి చెయ్యి పట్టుకుని వాగులోకి దిగింది. నీళ్లు మంచులా ఉన్నాయని అరుస్తూనే అరగంట ఉంది. పులిహోర, దద్దోజనం ఆ గట్టు మీదే తిన్నాం. ఆ రోజు మేం ఇంకేమీ చూడలేదు.

ఇదే కౌంటీలో ఉన్న ఐరన్‌బ్రిడ్జి సంగతి చాలామందికి తెలుసు, 1779లో నిలబెట్టిన ఇనుప వంతెన. వంతెన మీద ఒక ఫొటో తీసుకుని వచ్చేయకండి. పక్కనే కోల్‌బ్రూక్‌డేల్‌లో 1709లో అబ్రహాం డార్బీ బొగ్గుని కోక్‌గా కాల్చి, దానితో ఇనుము కరిగించిన పాత కొలిమి ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేసి వచ్చినవాళ్లు మనలో ఉన్నారు. వాళ్లతో వెళ్లి, వాళ్ల నోట వినాలి.

"అంత దూరం బస్సు కట్టించుకుని ఒక్క చోటేనా?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బస్సు ష్రూస్‌బరీ దాకా రానివ్వండి, అక్కడ మూడు జట్లవుదాం. పెద్దవాళ్లు, పసిపిల్లల తల్లులు ఊళ్లోనే ఉంటారు. నది ఒడ్డున క్వారీ పార్కు ఉంది, వేసవిలో పడవ షికారూ ఉంటుంది. నడవగలిగినవాళ్లు చర్చ్ స్ట్రెటన్‌కి, చరిత్ర కావాలన్నవాళ్లు పోవిస్‌కి. సాయంత్రం అందరూ స్టేషను దగ్గర కలుస్తారు. ఆదివారం మాత్రం పెట్టుకోవద్దు. ఆ రోజు రైళ్లు తక్కువ, పల్లె బస్సులు చాలా చోట్ల ఉండనే ఉండవు. శనివారమే మేలు. టిక్కెట్ల ఖర్చంటారా, పోవిస్ కోట, కార్డింగ్ మిల్ లోయ రెండూ పాత కట్టడాల్ని, కొండాకోనల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థవే, దాని సభ్యులకి ప్రవేశం ఉచితం. సభ్యత్వం ఉన్న కుటుంబాలు మన సంఘంలో ఎన్నో ముందే లెక్క తీస్తే సగం చర్చ అక్కడే తేలిపోతుంది.

జనవరి సమావేశంలో కమిటీ తేదీలు ఖరారు చేస్తుంది. జూన్‌లో ఒక శనివారం ఇవ్వండి, రైలు వేళలు చూసి మూడు జట్ల పట్టికా వేసే పని నేను తీసుకుంటాను. మా అమ్మానాన్నలు మేలో మళ్లీ వస్తున్నారు. క్లైవ్ విగ్రహం దగ్గర పిల్లలందరినీ కూర్చోబెట్టి బందరు కోట కథ తాను చెబుతానని నాన్నగారు ఇప్పటికే మాటిచ్చారు.