మహారాజశ్రీ ఇంజన్ ఫ్లష్ సీసా గారి సముఖమునకు

విజయవాడ నుంచి తమ తాజా కస్టమరు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే మన ఉభయుల్లో కుశలంగా ఉన్నది తమరొక్కరే. ఏసీ హాల్లో, గాజు బీరువాలో, పై అరలో, వెనకాల లైటు వేయించుకుని మరీ కూర్చుని ఉంటారు. నా కారు మాత్రం ఆటోనగర్‌లో ఒక షెడ్డు కింద, చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఊడదీసిన పొట్టతో నాలుగు రోజులుంది.

పాత ఆయిల్ దించేముందు అందులో పోస్తే ఇంజన్ లోపలి మురికంతా వదిలిస్తానని చెప్పుకునే మందు తమరు. నేను తమర్ని పిలవలేదన్న సంగతి ముందుగా మనవి చేసుకోవాలి. శనివారం ఉదయం తొమ్మిదింటికి సర్వీస్ సెంటర్లో నేను చెప్పింది మూడే మాటలు. ఆయిల్ మార్చండి, ఆయిల్ ఫిల్టర్ మార్చండి, పదకొండుకల్లా బండి ఇచ్చేయండి. "పదిన్నరకే ఇచ్చేస్తాం సార్" అన్నాడు ట్యాబ్ పట్టుకున్న కుర్రాడు. అడక్కుండా అరగంట తగ్గించినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. ఎందుకంటే నా బుర్ర నిండా ఏలూరు ఉంది. ఆ సాయంత్రం 4 గంటల 20 నిమిషాలకి మేనకోడలి ఓణీల ఫంక్షన్. నేను మేనమామని. పట్టులంగా, ఓణీ, పూలు, పళ్ళు, స్వీట్లు అన్నీ డిక్కీలోనే ఉన్నాయి. ఊరెళ్ళేముందు ఆయిల్ మార్పిస్తే మంచిదని ఎవరో చెప్పలేదు, నేనే అనుకున్నాను. జాగ్రత్తపరుణ్ణి కదా!

పదిన్నర పోయింది. పదకొండున్నరకి "వాషింగ్‌లో ఉంది సార్". పన్నెండున్నరకి "లంచ్ సార్". ఒంటిగంటకి అద్దంలోంచి చూస్తే నా కారు బానెట్ ఎత్తి ఉంది, ఇంజన్ ఆన్‌లో ఉంది, దగ్గర మనిషి లేడు. తమరు లోపల ఉన్నారని నాకప్పటికి తెలీదు. తమ వీపు మీద చీమతలకాయంత అక్షరాల్లో రాసి ఉంటుందట, పది పదిహేను నిమిషాలు ఐడిల్‌లో ఉంచి వెంటనే దించేయమని. ఆ అబ్బాయి ఎంతసేపు ఉంచాడో ఆ పైవాడికే తెలియాలి. అన్నం తినే కుర్రాణ్ణి మధ్యలో లేపి అడగడానికి నాకు మనసొప్పలేదు.

రెండింటికి బిల్లు ఇచ్చారు. అందులో నా మూడు మాటలూ ఎక్కడో అడుగున ఉన్నాయి. పైన థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ డిసిన్‌ఫెక్టెంట్, ఎలుకల స్ప్రే. (ఎలుకల స్ప్రే గురించి ఒక్క ముక్క. పోయినేడాది కొట్టించాను. మా అపార్ట్‌మెంట్ ఎలుక ఆ వాసనకి అలవాటు పడి, వైరు కొరికి, బానెట్ కింద పిల్లల్ని కూడా పెట్టింది.) వీటన్నిటికీ నడుమ, పెళ్ళికొడుకులా, తమరు. ఇంజన్ ఫ్లష్, ఒకటి, 590 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ.

"ఇది నేను చెప్పలేదే" అన్నాను.

దానికి ఆ కుర్రాడు చెప్పిన జవాబే నాకు ఈ రోజుకీ గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఫోన్ తీశాడు. ఫొటో చూపించాడు. ట్రేలోకి కారుతున్న ఆయిల్. "చూశారా సార్, ఎంత నల్లగా వచ్చిందో!"

నేను నోరు మూసుకుని డబ్బు కట్టాను. సిగ్గుపడి కట్టాను. ఇంత మురికి పెట్టుకుని తిరుగుతున్నానా అని, స్నానం చేయకుండా పెళ్ళికెళ్ళినవాడిలా తలొంచుకుని కట్టాను. అదీ తమ వ్యాపారం కిటుకు.

మా చిన్నప్పుడు అమ్మ దిష్టి తీసేది. గుప్పెడు రాళ్ళ ఉప్పు చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసేది. ఉప్పు చిటపటమని పేలేది. "చూశావా, ఎంత దిష్టి ఉందో!" అనేది. నాకు పదో తరగతి వచ్చాక గానీ తట్టలేదు, నిప్పుల్లో పడ్డ రాళ్ళ ఉప్పు పేలక ఏం చేస్తుందని. రాయిలో చిక్కుకున్న చెమ్మ వేడికి ఆవిరై తన్నుకొస్తుంది, అంతే. దిష్టి ఉన్నవాడికీ పేలుతుంది, లేనివాడికీ పేలుతుంది. తమ నల్ల ఆయిలూ అంతే. వాడేసిన ఆయిల్ నల్లగా కాక, పెరుగులా తెల్లగా వస్తుందా? ఒకవేళ తెల్లగా నురుగులా వస్తే అది మరీ ప్రమాదం, ఆయిల్లో నీళ్ళు కలిశాయని అర్థం!

అసలు ఆ నలుపు తమ గొప్పా? ఆయిల్‌ది. మురికి వదిలించే డిటర్జెంట్ ఆయిల్ డబ్బాలోనే కలిపి వస్తుంది. నిన్న మొన్నటి సంగతి కాదు, 1930ల్లో డీజిల్ ట్రాక్టర్ల పిస్టన్ రింగులు మసి పట్టి అంటుకుపోతుంటే అప్పట్నుంచీ కలుపుతున్నారు. ఎక్కువగా కాల్షియం సమ్మేళనాలే, మన సున్నం జాతివే. మండినప్పుడు పుట్టే యాసిడ్‌ని అవి విరిచేస్తాయి. మసి ముద్దకట్టి ఎక్కడా అంటుకోకుండా ఆయిల్లోనే తేలుతూ ఉండేలా చూసే మందులు ఇంకొన్ని ఉంటాయి. అంటే ఆయిల్ నల్లబడిందంటే పని చేసిందని. ఏడాదంతా ఇంటెడు చాకిరీ చేసి, మొహం మసి చేసుకుని, ఆఖరి రోజున బయటికి వెళ్ళే ఆ ఆయిల్ ముందు తమరు చివరి పది నిమిషాలకి వచ్చి నిలబడి ఫొటో దిగారు. "ఇదంతా నేనే కడిగాను!" ఇలాంటి బంధువు మా ఇళ్ళలో పెళ్ళికొకడు ఉంటాడు. వంటవాళ్ళంతా వెళ్ళిపోయేటప్పుడు వచ్చి ఖాళీ గుండిగ పక్కన గరిటె పట్టుకుంటాడు.

సరే, తర్వాతి కథ. గన్నవరం దాటాను. హనుమాన్ జంక్షన్ ఇంకా రాలేదు. డాష్‌బోర్డు మీద ఎర్రటి నూనెకుండ వెలిగింది. బానెట్ కింద టపటపమని చప్పుడు. పక్కకి ఆపి, ఇంజన్ కట్టేసి, ఆయిల్ కడ్డీ తీసి చూస్తే నిండా ఉంది, కొత్త తేనెలా మెరుస్తోంది. ఆయిల్ ఉంది, దీపమూ వెలుగుతోంది. ఆ దీపం ఆయిల్ ఎంతుందో చెప్పదనీ, ప్రెషర్ ఉందో లేదో చెబుతుందనీ అప్పుడు తెలిసింది, మధ్యాహ్నం ఎండలో పదహారో నంబరు హైవే మీద, చేతిలో మసిగుడ్డతో.

చెల్లెలు ఫోన్. "అన్నయ్యా, ఎక్కడున్నావు?" దారిలో ఉన్నానన్నాను. అబద్ధం కాదు. మళ్ళీ పది నిమిషాలకి ఫోన్. బావగారు లైన్‌లోకి వచ్చి, "ఏం ఫర్వాలేదు బావగారూ, నెమ్మదిగా రండి" అన్నారు. ఆ 'నెమ్మదిగా'లో ఎంత ఉందో ఆడపిల్లనిచ్చినవాళ్ళకే అర్థమవుతుంది. మేనమామ తెచ్చిన బట్టలు కట్టాలి. బట్టలు రోడ్డు మీదున్నాయి. లాక్కెళ్ళే బండికి ఫోన్ చేసి, కారు ఆటోనగర్‌కి అప్పగించి, సూట్‌కేసు ఒక చేత్తో, పళ్ళ బుట్ట ఇంకో చేత్తో పట్టుకుని, పూలు మెడలో వేసుకుని ఆర్టీసీ బస్సు ఎక్కాను. కండక్టరు నన్ను చూసి ఏ గుడికి మొక్కు తీర్చుకోడానికి వెళ్తున్నానో అనుకుని సీటు ఇప్పించాడు. ఏలూరు చేరేసరికి ఐదూ యాభై. పిల్లకి వేరే చీర చుట్టి ముహూర్తం కానిచ్చేశారు. ఆల్బమ్‌లో నేనున్న ఫొటోలన్నిట్లోనూ చొక్కా మీద గ్రీజు మరక ఉంటుంది. ఆ పిల్ల మనవలు కూడా చూస్తారు దాన్ని.

సోమవారం ఆటోనగర్‌లో మేస్త్రీ చాంబర్ విప్పాడు. అరవై దాటిన మనిషి. అడుగున చేయిపెట్టి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, నన్ను చూశాడు. "ఏం పోయించావు బాబూ దీంట్లో?"

తమ పేరు చెప్పాను.

స్ట్రైనర్ ఊడదీసి నా చేతిలో పెట్టాడు. జల్లెడ కళ్ళన్నీ మూసుకుపోయి, మాడిన పాలతొరకలా నల్లటి పెళ్ళలు. "ఇన్నేళ్ళూ మూలన పడుకుని ఉన్న మడ్డిని లేపారు. కరిగిస్తే కరిగించాలి, లేదా ఊరుకోవాలి. సగం పీకి వదిలేస్తే అది వచ్చి గొంతులో కూర్చుంది. పంపు ఏం పీలుస్తుంది, గాలి పీలుస్తుందా?"

అదీ నీ నిర్వాకం. ఇంక 'తమరు' నా వల్ల కాదు. శుభ్రం చేస్తానని వచ్చి ఇంట్లో చెత్తంతా ఊడ్చి తలుపు దగ్గర కుప్ప పోసి పోయావు. పోనీ నువ్వైనా పూర్తిగా పోయావా? ఎంత దించినా ఇంజన్లో మూలమూలల్లో కొంత పాత ఆయిల్ మిగులుతుంది. అందులో నువ్వూ మిగిలావు. నా కొత్త ఆయిల్లో కలిసి దాన్నీ పలచన చేశావు. అయినా నీలో ఉన్నదేంటి, చాలావరకు కిరసనాయిలు అన్నదమ్ముడేగా? మా నాన్న అంబాసిడర్‌కి మెకానిక్ లీటరు కిరసనాయిలు పోసి కాసేపు తిప్పి దించేసేవాడు. అదీ మంచి పద్ధతి కాదు, కానీ వాడు దానికి రంగు లేబులు అంటించి బీరువాలో పెట్టలేదు. పోసేముందు "సార్, పోయమంటారా?" అని అడిగేవాడు కూడా. నాకు మండేది మడ్డికి కాదయ్యా, ఆ ఒక్క మాట అడగనందుకు. అడిగి ఉంటే పదకొండేళ్ళ బండి, ఎనభై మూడు వేల కిలోమీటర్లు, వద్దనేవాణ్ణి. లేదా ఏమో, సరేననేవాణ్ణేమో. కానీ అప్పుడు తప్పు నాదయ్యేది, నిద్ర పట్టేది.

మేస్త్రీ అక్కడితో వదల్లేదు. "మడ్డి ఎలా వచ్చిందో కూడా చెప్పనా?" అన్నాడు. వద్దన్నాను. చెప్పాడు. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పట్నుంచి దాదాపు రెండేళ్ళు నేను ఆయిల్ మార్చలేదు. బండి తిరగలేదుగా అనుకున్నాను. పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని పుస్తకంలో రాసి ఉంటుంది. నేను ఏది వెనకైతే అది పాటించాను. తిరిగిన ఆ కాస్తా రైతు బజారుకీ మందుల షాపుకీ. ఇంజన్ వేడెక్కేలోపే కట్టేయడం. లోపల ఆవిరి నీరై, కాలని పెట్రోలూ కలిసి, ఆయిల్‌ని మడ్డి చేసింది. అది నా పాపమే, ఒప్పుకుంటాను. కృష్ణా పుష్కరాల్లో ఒక్క మునక వేస్తే పన్నెండేళ్ళది పోతుందని నమ్మే ఊరివాణ్ణి నేను. పది నిమిషాల్లో రెండేళ్ళది పోతుందని నువ్వంటే నమ్మాలనే అనిపిస్తుంది. నీ గిరాకీ అంతా మాలాంటి వాళ్ళ వల్లే.

మీ వంశం మొత్తాన్నీ తిట్టను. పెట్రోల్ ట్యాంకులో పోసే మీ తమ్ముడున్నాడే, ఇంజెక్టర్ క్లీనర్, వాడిలో పాలీఈథర్ అమీన్ అనే మురికి వదిలించే మందు సరిపడా ఉంటే నిజంగానే పని చేస్తాడు. ఇంజన్లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ల మీద పట్టిన జిగురు వదిలిస్తాడు. కాకపోతే పెట్రోల్ నేరుగా సిలిండర్లోకి చిమ్మే కొత్తరకం ఇంజన్లలో ఆ పెట్రోల్ గాలి లోపలికొచ్చే ఇన్‌టేక్ వాల్వుల్ని తాకనే తాకదు, వాటి మీది మసిని వాడెలా కడుగుతాడు? ఆ సంగతి బంకులో ఎవరూ చెప్పరు. "జీరో చూసుకోండి సార్" అని నా తల అటు తిప్పి, ఇటు మూత తిప్పేస్తారు. "మైలేజ్ పెరుగుద్ది సార్." ఈ మధ్య కొత్త పాట ఎత్తుకున్నారు. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోందిగా, దానికి విరుగుడట. ఆ హైడ్రోజన్ మెషిన్ పెట్టి కార్బన్ తీసేవాళ్ళ జోలికి ఈ రోజు పోను, ఓపిక లేదు.

బండి గురువారం చేతికొచ్చింది. చాంబర్ కడిగి, స్ట్రైనర్ మార్చి, మళ్ళీ కొత్త ఆయిల్ పోశాడు మేస్త్రీ. వెంటనే ఆపేసినందుకు బేరింగులు బతికాయన్నాడు. ఐదొందల కిలోమీటర్లు తిరిగి మళ్ళీ తీసుకురా, ఈ ఆయిలే మిగతాది నెమ్మదిగా కడిగేస్తుంది, మళ్ళీ మార్చేద్దాం అన్నాడు. వాడిదీ డబ్బు ఖర్చే, కానీ సీసా లేదు, ఫొటో లేదు.

నిన్న సాయంత్రం కింద పార్కింగ్‌లో ఆయిల్ కడ్డీ తీసి చూస్తున్నాను. అప్పుడే నల్లబడింది. పని చేస్తోంది, పాపం. ఈలోగా అమ్మ దిగింది. ఒక చేతిలో గుప్పెడు ఉప్పు, ఇంకో చేతిలో సాంబ్రాణి పొగ వేసే గిన్నె, అందులో ఎర్రగా కాలుతున్న బొగ్గులు. ఎవరి కళ్ళు పడ్డాయోనని కారు చుట్టూ మూడుసార్లు తిప్పి ఉప్పు బొగ్గుల మీద వేసింది. చిటపటా చిటపటా పేలింది. వాచ్‌మన్ కూడా వచ్చి చూశాడు.

"చూశావురా, ఎంత దిష్టి ఉందో!" అంది.

నేనేమీ మాట్లాడలేదు. అమ్మ బిల్లు వెయ్యలేదు. పైగా మొదలుపెట్టే ముందు, "తియ్యనా?" అని అడిగింది.

ఇట్లు,
చొక్కా మీద గ్రీజు మరకతో,
తమ మాజీ కస్టమరు